పేరుకు కల్నల్

మా కౌంటీలో కల్నల్ ప్రూయిట్ అనే ఆయన ఉండేవాడు. ఆయన సైన్యంలో పనిచేసిన మాట నిజం. ఆయన కల్నల్ అన్న మాటా నిజమే. కానీ ఆ రెండు నిజాలకూ చుట్టరికం లేదు. కల్నల్ అన్నది వాళ్ళమ్మ పెట్టిన పేరు. సైన్యంలో ఆయన చేసింది వంట.

మిస్సోరీ కొండల్లో పుట్టినవాళ్ళకు ఇందులో వింతేమీ కనబడదు. నా చిన్నప్పుడు జడ్జి అనే పేరుగల పెద్దమనిషి ఉండేవాడు. జీవితమంతా గుర్రాలకు నాడాలు కొట్టాడు. మా అమ్మ తమ్ముడి పేరు డాక్టర్. కోడిని కోస్తుంటే కళ్ళు తిరిగి పడిపోయేవాడు. బిడ్డకు ఒక పేరు పెట్టి మిగతాది దేవుడికి వదిలేయడం మావాళ్ళ అలవాటు. చిక్కల్లా ఆ పేరు పట్టుకుని కొండ దిగి అవతలికి వెళ్ళినప్పుడే.

పందొమ్మిది వందల యాభైఒకటిలో, ఇరవయ్యో ఏట, కల్నల్‌కు సైన్యం నుంచి పిలుపు కాగితం వచ్చింది. శిక్షణ శిబిరంలో మొదటి రోజు సార్జెంటు వరుసగా పేర్లడుగుతూ వచ్చాడు.

"పేరు?"

"కల్నల్, సార్."

"నేనడిగింది నీ పేరు. నీ కోరిక కాదు."

"కోరిక మా అమ్మదండీ. పేరు మాత్రం నాదే."

ఆ జవాబుకు బహుమానంగా సార్జెంటు ఆయన్ని బంగాళదుంపల గుట్ట ముందు కూర్చోబెట్టాడు. పదిరోజులు తొక్కలు తీశాక తేలిందేమిటంటే, ఈ కుర్రవాడు తొక్క తీస్తే దుంప సన్నబడదు. అలా వంటింట్లోకి వెళ్ళినవాడు కొరియా యుద్ధానికీ గరిటెతోనే వెళ్ళాడు.

అక్కడి కథ ఒకటి మా చర్చి సంఘంలో పిల్లలకు కూడా కంఠస్థం. కృతజ్ఞతార్పణ పండుగ దగ్గరపడింది. వంటింట్లో డబ్బాల చిక్కుళ్ళు తప్ప మరేమీ లేవు. కల్నల్ సరుకుల డిపోకు ఫోన్ చేశాడు. "కల్నల్ ప్రూయిట్ మాట్లాడుతున్నానండీ. పండక్కి మా కుర్రాళ్ళకు ఏమీ రాలేదు, పాపం" అన్నాడు. మర్నాడు రెండు లారీలు దిగాయి. టర్కీ కోళ్ళు, ఆపిల్ పళ్ళు, పీపాలతో వెన్న. కెప్టెను ఆయన్ని పిలిపించి నిలదీశాడు.

"అబద్ధమాడలేదండీ. నేను పేరు చెప్పాను. వాళ్ళు హోదా విన్నారు."

కెప్టెను చేతిలో అప్పటికే టర్కీ కాలు ఉంది కనుక తీర్పు మెత్తగా వచ్చింది. "ఇకమీదట పేరుకు ముందు సిపాయి అని చేర్చి చెప్పు" అన్నాడు. తరువాతి వారం ఆయన అలాగే ఫోన్ చేశాడు: "సిపాయి కల్నల్ ప్రూయిట్‌నండీ." అవతలివాడు, "ముందు నువ్వెవరో తేల్చుకుని అప్పుడు చెయ్యవోయ్" అని పెట్టేశాడు.

తిరిగొచ్చి ఐవలీని పెళ్ళాడి, కౌంటీ బడి వంటింట్లో చేరి, ముప్ఫైఒక్క ఏళ్ళు అక్కడే పొయ్యి ముందు నిలబడ్డాడు. ప్రతి గురువారం చిల్లీ అనే మాంసం, చిక్కుళ్ళ కూర, దానితోపాటు దాల్చినచెక్క వేసి చుట్టిన తీపి రొట్టె. కారపు చిల్లీతో తీపి రొట్టె ఏమిటని బయటివాళ్ళు ముక్కు చిట్లిస్తారు. చిట్లించుకోనివ్వండి. ఇంటికి వెళితే రాత్రికి తిండి ఉండని పిల్లలు ఏ బడిలోనైనా నలుగురైదుగురు ఉంటారు. వాళ్ళు వరుసలో దగ్గరికి రాగానే ఆయన ఒక రొట్టెను వేలితో కొంచెం వంచేవాడు. "ఇదిగో, ఇది వంకరగా వచ్చింది. పారేస్తే పాపం. నువ్వు కాస్త తినిపెట్టి పుణ్యం కట్టుకో" అనేవాడు. ఆ ముప్ఫైఒక్క ఏళ్ళలో ఎన్ని రొట్టెలు వంకరపోయాయో ప్రభువుకే తెలియాలి. అదే బడిలో చిన్న తరగతులకు చదువు చెప్పినదాన్ని కనుక కొంత నాకూ తెలుసు.

ఇక అసలు సంగతి. మా కౌంటీలో మాజీ సైనికులకు స్మారకం ఉండేది కాదు. చుట్టూ అందరికీ ఉంది. ఎగువ కౌంటీవాళ్ళు కోర్టు ముందు ట్యాంకు పెట్టుకున్నారు. దాని గొట్టంలో పిచ్చుకలు కాపురం పెట్టాయి. దిగువ కౌంటీవాళ్ళకు రాతి సిపాయి ఉన్నాడు. అతని తుపాకి సగం విరిగిపోయి, దూరం నుంచి చూస్తే చేపలు పట్టడానికి వెళుతున్నట్టు ఉంటాడు. మాకు మాత్రం ఒట్టి గడ్డి. చివరికి సిగ్గేసి ఒక కమిటీ వేశాం. నౌకాదళం ఓడల మీద ఇరవైరెండేళ్ళు చేసి వచ్చిన డెల్మర్ ఈబ్యాంక్స్‌ను పెద్దగా పెట్టాం. డెల్మర్ గొంతు సముద్రానికి సరిపడా పెరిగింది. నేలమీదికి వచ్చాక తగ్గించడం మరచిపోయాడు.

ఎవరెవరు ఎలా కట్టుకున్నారో చూసి రావాలని డెల్మర్, భార్యను ట్రక్కులో ఎక్కించుకుని తొమ్మిది రాష్ట్రాలు తిరిగాడు. కాన్సస్, నెబ్రాస్కా, అయోవా, ఇండియానా, అలా దారిలో దొరికినవన్నీ. ఆవిడ దారంతా అల్లుతూ కూర్చుని నాలుగు స్వెట్టర్లతో తిరిగొచ్చింది. ఆయన ఒకే ఒక్క నియమంతో తిరిగొచ్చాడు.

"హోదాలు వద్దు" అన్నాడు కమిటీలో. "ఒక ఊళ్ళో గోడ చూశాను. జనరల్ పేరు పైన, చేటలంత అక్షరాలు. సిపాయిల పేర్లు అడుగున, చీమలంత. గడ్డి పెరిగి కప్పేసింది. ఒక ముసలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని తమ్ముడి పేరు కోసం గడ్డి తీసి వెతుక్కుంటోంది. నేనూ కూర్చుని గడ్డి పక్కకు పట్టుకున్నాను. మన రాయి మీద అలా వద్దు. అందరూ ఒకే అక్షరాల్లో, ఒకే వరుసలో. సిపాయి లేడు, జనరల్ లేడు. ఉత్త పేర్లు."

అందరం చేతులెత్తాం. మిస్సోరీవాళ్ళం అంతర్యుద్ధంలో రెండువైపులా పోట్లాడినవాళ్ళం. ఏ వైపువాళ్ళను ముందు రాయాలని ఏడాదిగా కొట్టుకుంటున్నాం కూడా. అక్షరక్రమంలో పెట్టేసరికి ఆ తగువూ తీరింది. ఒకరినొకరు కాల్చుకున్న అన్నదమ్ముల బిడ్డలు ఇప్పుడు పక్కపక్కనే ఉన్నారు.

రాతి దుకాణానికి ఉత్తరం రాసింది నేను. చేతిరాత బాగుంటుందని నన్ను కార్యదర్శిని చేశారు. బుద్ధి బాగుంటుందని ఎవరూ అనలేదు. "పేర్ల ముందు సార్జెంటు, కెప్టెన్, కల్నల్, ఏ హోదా కనబడినా దయచేసి తీసేయండి" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. జాబితాలో ఆయన పేరు కల్నల్ ఓటిస్ ప్రూయిట్ అని సరిగానే ఉంది. దుకాణంలో గుమాస్తా నేను చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటించింది. చెక్కే ముందు నమూనా కాగితాలు రెండు వారాలు కోర్టు గోడకు తగిలించి, ఎవరి పేరు వాళ్ళు చూసుకోమన్నాం. కల్నల్ చూసుకోలేదు. మన పేరు పెద్దగా ఉందా లేదా అని వెతుక్కోవడం, విందులో మన ముక్క పెద్దదా కాదా అని చూసుకున్నట్టు ఉంటుందట.

అక్టోబరు మొదట్లో ఆరు నల్లరాతి పలకలు కోర్టు ముందు నిలబెట్టారు. ఆదివారం ఆరాధన అవగానే జనమంతా అక్కడికే నడిచాం. ఐవలీ వేలితో పేర్లు తడుముతూ వచ్చి ఒకచోట ఆగింది.

"ఏవయ్యా, నువ్వెక్కడ?"

"ఇక్కడే ఉన్నానే, నీ పక్కనే."

"నా పక్కన కాదు, రాతిమీద! ఇదిగో ప్రోక్టర్, ఆ కింద ఓటిస్ ప్రూయిట్. మరి నువ్వెక్కడ?"

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పైన ఆపడం ఎవరివల్లా కాలేదు.

ఎందుకంటే ఓటిస్ ప్రూయిట్ అనే మనిషి వేరే ఉండేవాడు. కల్నల్ పెదనాన్న కొడుకు. ఇద్దరికీ తాత పేరే పెట్టారు. ఒకరికి ముందు, ఒకరికి నడుమ. ఆ ఓటిస్ రెండో ప్రపంచయుద్ధంలో పిలుపు కాగితం రాగానే బంగాళదుంపలు దాచుకునే నేలకొట్టులో దూరి పదకొండు రోజులు దాక్కున్నాడు. పన్నెండో రోజు షెరీఫ్ వచ్చి తలుపు తీస్తే, అందులో ఓటిస్‌తోపాటు పొరుగువాడి పంది కూడా ఉంది. సైన్యానికి బదులు జైలుకు వెళ్ళాడు. పోయి చాలాకాలమైంది కానీ ఆ కథ పోలేదు. ఇప్పుడా ఓటిస్, కౌంటీ వీరుల వరుసలో, ఇంచు లోతు అక్షరాల్లో మెరుస్తున్నాడు.

కల్నల్ నవ్వలేదు. తన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

నవంబరు పదకొండున స్మారకం ప్రారంభం. ఆ రోజు రాతిమీది పేర్లన్నీ పైకి చదువుతారు; బతికున్నవాళ్ళు తమ పేరు వినబడగానే లేచి నిలబడాలి. ఇంటికి వెళుతూ ఆయన ఐవలీతో అన్న మాట ఆవిడే నాకు చెప్పింది: "ఓటిస్ ప్రూయిట్ అని పిలిస్తే నేనెలా లేవనే? లేస్తే అబద్ధం. లేవకపోతే నేను వెళ్ళనట్టే. నవంబరు లోపల నా పేరు నాకు వస్తే బాగుండును."

కానీ ఎవరినీ అడగడు. ఆయన తత్త్వమే అంత. ఆ సాయంత్రం నేను తప్పు ఒప్పుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఉత్తరం రాసింది నేనేనని చెప్పి ఏడ్చినంత పని చేశాను.

"నువ్వు చెప్పావు, వాళ్ళు చేశారు" అన్నాడు ఆయన. "చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతారు చెప్పు? కూర్చో, కాఫీ తాగు."

"కాఫీలో నేను విషం కలపలేదు, భయపడకు" అంది ఐవలీ. "కలుపుదామనే అనుకున్నాను. ఆదివారం కదా అని ఆగాను."

ఆయన్ని కదిలించింది తన బాధ కాదు, వండా బాధ. వండా ఆ ఓటిస్ కూతురు. కోర్టు ఎదుట టిఫిన్ హోటల్ ఆవిడదే. అరవై దాటినా ఇంకా తనే బల్లల మధ్య తిరిగి వడ్డిస్తుంది. చలికాలంలో ఎవరైనా ముసలివాళ్ళు టిఫిన్‌కు రాకపోతే ఫోన్ చేసి, బతికే ఉన్నారా అని తిట్టి, పొట్లం కట్టించి పంపుతుంది. ఆ వారమంతా ఆవిడను జనం వదల్లేదు.

"ఏమే వండా, మీ నాన్న నేలకొట్టులోంచి ఎప్పుడు బయటికొచ్చాడే?"

"ఆ పందికి కూడా ఒక పలక వేయించాల్సింది. అదీ యుద్ధఖైదీయేగా!"

ఆవిడ నవ్వుతూనే కాఫీ పోసేది. గురువారం కల్నల్ అక్కడ కూర్చుని ఉండగా ఇంకెవరో అదే హాస్యం ఆడారు. వండా నవ్వింది, పాత్ర పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. కల్నల్ లేచి వంటింటి తలుపు దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ ఫ్రిజ్ తలుపు తీసి, అందులో తల పెట్టి నిలబడి ఉందట.

"ఏం వెతుకుతున్నావే?"

"ఏం లేదు బాబాయ్. కళ్ళు చల్లబడతాయని." మొహం తుడుచుకుంది. "అరవై ఏళ్ళు పట్టింది వీళ్ళు ఆ కథ మరచిపోవడానికి. ఇప్పుడు రాతిమీద చెక్కి మరీ గుర్తుచేశారు. నేను పోయాక కూడా నవ్వుతారు."

శనివారం పొద్దున్నే కోర్టు కింది గదిలో కమిటీ కూర్చుంటే కల్నల్ వచ్చాడు. వెనకే ఐవలీ. మొగుడు మాటమార్చి పారిపోకుండా కాపలా వచ్చినట్టుంది. రాతి దుకాణం నడిపే నెల్డా ఫ్రిక్‌ను కూడా ముందే పిలిపించాం. తండ్రి తరువాత ఆ పని ఆవిడే చేస్తోంది. ఎంత కడిగినా గోళ్ళలో తెల్లటి పొడి పోదు.

"రాతిమీద చెరిపే రబ్బరు ఉండదు కల్నల్ గారూ" అంది నెల్డా. "పలక విప్పి, యార్డుకు తీసుకెళ్ళి, ముఖమంతా అరగదీసి, అన్ని పేర్లూ మళ్ళీ చెక్కాలి. వసంతం వచ్చేస్తుంది."

"వసంతం వస్తుంది సరే, మేముండొద్దూ?" అంది ఐవలీ. "మాలో సగంమంది ఇప్పటికే గడువు మీరి బతుకుతున్నాం."

"పేరు ముందు కాస్త జాగా ఉందిగా?" అన్నాను నేను.

"రెండు మూడక్షరాలకు ఉంది. 'కల్' అని రాసి చుక్క పెట్టొచ్చు."

"వీల్లేదు!" డెల్మర్ గొంతుకు కిటికీ అద్దాలు అదిరాయి. "అది హోదా రాసే పద్ధతి. రేపు కెప్టెన్ బైనమ్ కూతురు వాళ్ళ నాన్న హోదా కూడా రాయమని నా గుమ్మంలో కూర్చుంటుంది. ఎల్లుండి సార్జెంట్ల ఇళ్ళవాళ్ళందరూ."

"నా పేరు 'కల్ చుక్క' కాదు కూడాను" అన్నాడు కల్నల్ మెల్లగా.

"అడుగున ఒక వరుస ఖాళీ ఉంది" అంది నెల్డా. "అక్కడ మళ్ళీ మొత్తం రాస్తే?"

"అప్పుడు పైన ఓటిస్ అలాగే ఉంటాడమ్మా" అన్నాడు కల్నల్. "వండాకు నవ్వులు తప్పవు."

కల్నల్ టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. ఆయన అంతసేపు ఒక్కపట్టున మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు.

"మా అమ్మ నాలుగిళ్ళలో బట్టలుతికేది. ఊళ్ళో ఎవరికీ ఆవిడ పేరు తెలియదు. 'ఏయ్' అంటే పలికేది. మా నాన్నా అంతే. నేను పుట్టినప్పుడు ఆవిడ ఒక ఎత్తు వేసింది. 'వీడిని ఎవ్వరూ ఏయ్ అనకూడదు. బ్యాంకు ఆయనైనా సరే, వీడిని పిలవాలంటే కల్నల్ అనే పిలవాలి' అని. నాకివ్వడానికి ఆవిడ దగ్గర ఇంకేమీ లేదు. అదొక్కటి ఇచ్చింది. హోదాలు తీసేశారు, మంచి పనే చేశావు డెల్మర్. కానీ ఆవిడ నాకిచ్చింది హోదా కాదు. పేరు."

డెల్మర్ చేతిరుమాలు తీసి ఓడ కూత పెట్టినట్టు ముక్కు చీదాడు. "నేనేం చేయను, కల్నల్? రాతిమీద హోదా కనబడనివ్వనని ఆ గడ్డిలో వెతికిన ముసలమ్మకు మాటిచ్చాను. ఇచ్చినట్టు ఆవిడకు తెలియదనుకో. అయినా ఇచ్చాను."

ఎవరి మాటా తప్పు కాదు. అదే అసలు చిక్కు. ఏమీ తేలక, ఆకలేసి, అందరం రోడ్డు దాటి వండా హోటల్‌కు వెళ్ళాం.

వండా చిన్న కాగితాల కట్ట, పెన్సిలు పట్టుకుని వచ్చింది. డెల్మర్ రెండు గుడ్లు, వేయించిన బంగాళదుంపలు, రొట్టె అని వరుసగా చెప్పాడు. ఆవిడ కాగితం చింపబోతుంటే, "దుంపల్లో ఉల్లిపాయ వద్దు. నిన్నటినుంచీ కడుపులో మంట" అన్నాడు.

"ముందే చెప్పొచ్చుగా మహానుభావా" అని సణుక్కుంటూ ఏదో గీసి, కాగితం వంటింటి కిటికీ కమ్మీకి తగిలించి వెళ్ళిపోయింది.

నెల్డా ఆ కిటికీకి ఎదురుగా కూర్చుంది. కాఫీ తాగుతూ తాగుతూ ఆగింది. "వండా, ఆ దుంపల పక్కన ఆ గుర్తేమిటి?"

"ఏదీ? అదా? ఆయన మాట మార్చాడుగా. వరుసలో జాగా లేదు. కింద కొండ ఆకారంలో గుర్తు పెట్టి పైన 'ఉల్లి లేకుండా' అని ఇరికించాను. ఇంకో కాగితం దండగ."

"హంసపాదు!" అన్నాను నేను. ఎంత గట్టిగా అన్నానంటే పక్క బల్లవాళ్ళు కూడా తిరిగి చూశారు. రాయడంలో ఒక మాట తప్పిపోతే ఆ చోట కింద హంసపాదు పెట్టి, మాట పైన రాయమని ఎన్ని వందలమంది పిల్లలకు నేర్పానో! వాళ్ళలో సగంమంది అప్పుడు అదే హోటల్లో కూర్చుని గుడ్లు తింటున్నారు.

నెల్డా అప్పటికే కాగితపు రుమాలు మీద గీస్తోంది. ఓటిస్ ముందు చిన్న హంసపాదు, పైన సగం సైజు అక్షరాల్లో కల్నల్. "ప్రోక్టర్‌కూ ప్రూయిట్‌కూ నడుమ సరిగ్గా పడుతుంది. గుర్తు లేకుండా రాస్తే ప్రోక్టర్ కల్నల్ అయిపోతాడు. గుర్తు ఉంటే కాడు."

"రాతిమీద హంసపాదా?" డెల్మర్ కళ్ళు పెద్దవయ్యాయి. "తొమ్మిది రాష్ట్రాలు తిరిగాను. ఒక్క స్మారకం మీదా చూడలేదు!"

"ఎలా చూస్తావు?" అంది నెల్డా. "మిగతావాళ్ళు తప్పు చేయలేదని కాదు. చేశామని ఒప్పుకోలేదు."

"డెల్మర్, హంసపాదు పెట్టి ఎవరూ హోదా రాయరు" అన్నాను. "తప్పిపోయిన మాటే రాస్తారు. చూసినవాళ్ళకు అది మన పొరపాటని తెలుస్తుంది కానీ, ఆయన గొప్ప అని తోచదు. నీ మాట నిలబడుతుంది."

డెల్మర్ ఆలోచించాడు. "జనానికి అర్థం కావద్దూ? సరే, ఒక పని చేద్దాం. లోపల వంటవాడు ఆ గుర్తు సరిగ్గా చదువుకుని నా దుంపల్లో ఉల్లి వేయకపోతే, ఊరు కూడా చదువుకుంటుందని ఒప్పుకుంటాను."

ఇక చూడండి, ఆ హోటల్లో ఎవరి ముద్దా నోట్లోకి పోలేదు. ఐవలీ కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. బంగాళదుంపల కోసం ప్రార్థన చేయడం ఆవిడకూ మొదటిసారే అయివుంటుంది. కల్నల్ తన చేతులవైపు చూస్తూ కూర్చున్నాడు. లోపల్నుంచి పళ్ళెం వచ్చింది. డెల్మర్ కళ్ళద్దాలు పెట్టుకుని, ముళ్ళచెంచాతో ఒక్కొక్క దుంపముక్కను తిరగేసి చూశాడు. అడుగుదాకా తవ్వాడు.

"ఉల్లి లేదు" అన్నాడు చివరికి, కోర్టులో తీర్పు చెప్పినట్టు.

హోటలంతా చప్పట్లు. వంటింట్లోంచి ఆ వంటవాడు తల బయటపెట్టి, ఏం ఘనకార్యం చేశానో తెలియక, అయినా వంగి దండం పెట్టాడు.

మంగళవారం నెల్డా ట్రక్కు తెచ్చింది. రాతిమీద రబ్బరు తొడుగు అంటించి, చిన్న కత్తితో అక్షరాలు, హంసపాదు కోసి తీసి, గొట్టంతో ఇసుక ఊదింది. రబ్బరు ఉన్నచోట రాయి అలాగే ఉంటుంది, కోసినచోట ఇసుక రాతిని తింటుంది. గాలికి ఇసుక కళ్ళలో పడకుండా కల్నల్ ఒక పాత దుప్పటి అడ్డం పట్టుకుని గంటన్నర నిలబడ్డాడు. వండా హోటల్ వదిలి కాఫీ తెచ్చింది. నెల్డా తొడుగు ఊడదీసి చేత్తో పొడి తుడిచింది.

వండా వంగి, పెదవులు కదుపుతూ మొత్తం చదివింది. "మా నాన్న వెళ్ళిపోయాడా బాబాయ్?"

"వెళ్ళిపోయాడే. క్షేమంగా నేలకొట్టులోకి."

ఆవిడ నవ్వింది. ఈసారి లోపలికి పరుగెత్తలేదు.

నవంబరు పదకొండున ఆకాశం శుభ్రంగా ఉంది. మడతకుర్చీల్లో ముసలివాళ్ళను ముందు కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద దుప్పట్లు కప్పాం. గౌరవవందనానికి రాష్ట్ర రాజధాని నుంచి ఆరుగురు పిల్ల సైనికులు వచ్చారు. పలకల పక్కన కడ్డీల్లా నిలబడ్డారు. వాళ్ళ నాయకురాలు ఇరవైరెండేళ్ళ అమ్మాయి. చలికి ముక్కు ఎర్రబడినా రెప్పయినా వేయడం లేదు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. డెల్మర్ పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఆయనకు మైకు ఇచ్చి ఉండకూడదు, కానీ ఇచ్చాం. పేరు తరువాత పేరు. అక్కడొకరు ఇక్కడొకరు కర్ర ఊతంగా లేస్తున్నారు. మిగతా పేర్ల దగ్గర గాలి మాత్రం వినబడుతోంది.

ప్రోక్టర్ అయ్యాక డెల్మర్ ఒక్క క్షణం ఆగి, ఛాతీ నింపుకున్నాడు.

"కల్నల్ ఓటిస్ ప్రూయిట్!"

ఆయన లేచాడు. ఇనుపకుర్చీ వెనక్కి జారినా పట్టించుకోలేదు. నిటారుగా నిలబడ్డాడు. ఐవలీ ఆయన కోటు వెనక దులిపింది.

అప్పుడు టప్‌మని చప్పుడైంది. ఆ అమ్మాయి మడమలు కలిపి, చెయ్యి నుదుటికి ఎత్తి సెల్యూట్ కొట్టింది. ఆమెను చూసి మిగతా అయిదుగురూ కొట్టారు. పాపం, ఊరికి కొత్తవాళ్ళు. పొద్దున్నుంచీ ఒక్క హోదా వినలేదు. ఇప్పుడు ఏకంగా కల్నల్ అని వినబడింది, ఎదురుగా ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఇంకేం చేస్తారు?

జనంలో గుసగుసలు, ఆ పైన నవ్వులు. కానీ వాళ్ళ నియమం ఏమిటంటే, పై అధికారి తిరిగి సెల్యూట్ కొడితే తప్ప చెయ్యి దించకూడదు. కల్నల్ తిరిగి కొట్టడు. తనకు ఆ హక్కు లేదు, సిపాయి వంటవాడు. ఆరు చేతులూ అలా గాల్లోనే ఉన్నాయి.

"కొట్టవయ్యా బాబూ!" డెల్మర్ మైకులోనే గుసగుసలాడాడు. కౌంటీ అంతా విన్నది. "కొట్టకపోతే వీళ్ళు క్రిస్మస్‌దాకా ఇలాగే ఉంటారు!"

కల్నల్ కొట్టలేదు. కుర్చీల మధ్యనుంచి మెల్లగా నడిచి వెళ్ళి, ఆ అమ్మాయి నుదుటి దగ్గరున్న చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, కిందికి దించాడు. ఆ వేళ్ళు మంచులా ఉన్నాయేమో, వదలకుండా రుద్దుతూ నిలబడ్డాడు.

"ఇదంతా మా అమ్మ పని తల్లీ, నేను వంటవాణ్ణి" అన్నాడు. "పొద్దున్నుంచీ మీరేమన్నా తిన్నారా?"

ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. అయినా అబద్ధం చెప్పలేదు. "లేదు, సార్."

"సార్ గీర్ ఏమీ వద్దమ్మా" అన్నాడు ఆయన. "ఉత్త కల్నల్ అను, చాలు."